తాటితొర్రలో ఆకలి

"సంగీతా, చచ్చిన ఎలుకలన్నీ గుంత తీసి పూడ్చు బిడ్డా. జర లోతుగ తియ్యి," అని చెప్పి తల్లి సైదమ్మ చేనుకు వెళ్ళిపోయింది.

ఇల్లందు దగ్గరి తండాలో ఆ మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. మొక్కజొన్న బస్తాల చుట్టూ పెట్టిన మందు తిని ఎలుకలు పడిపోయాయి. కొన్ని ఇంకా మెల్లగా కదులుతున్నాయి. అవతల పిల్లలు ఖోఖోకు పిలుస్తున్నారు. ఐదో తరగతి చదివే సంగీతకు గుంత తవ్వే ఓపిక లేదు. అన్నింటినీ పారతో ఎత్తి కంచె అవతలి పొదల్లోకి విసిరేసింది. ఆటకు పరుగెత్తింది.

కొన్ని రోజుల తర్వాత, బడికి పోతుంటే కంచె పక్కనున్న తాటిచెట్టు కింద గుడ్లగూబ కనిపించింది. లేవలేకపోతోంది. తెల్లని ముఖం పళ్ళెంలా గుండ్రంగా ఉంది. ముక్కు దగ్గర నెత్తురు. సంగీత దాన్ని తువ్వాలలో చుట్టి బడిలో శివకుమార్ సార్ దగ్గరికి తీసుకుపోయింది.

సార్ మెల్లగా రెక్క విప్పారు. ఈక అంచు దువ్వెన పళ్ళలా ఉంది.

"గందుకే ఇది ఎగిరితే చప్పుడు రాదు. చెవులు కూడా ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటయి. చీకట్ల ఆకుల కింద ఎలుక కదిలినా, ఎక్కడున్నదో దీనికి తెలిసిపోతది."

"మరి ఏమైంది సార్ దీనికి?"

"మందు తిన్న ఎలుక ఉరకలేదు కదా. ఏ పొదల్లనో కదిలి ఉంటది. ఆ చప్పుడు విని పట్టుకున్నట్టుంది."

సంగీతకు కంచె అవతలి పొదలు గుర్తొచ్చాయి. గుడ్లగూబ మెడ ఒకసారి ఇటు తిరిగింది. తర్వాత కదల్లేదు.

సాయంత్రం తాటితొర్రలోంచి సన్నని బుసలు వినిపించాయి.

"ఏందమ్మా అది?"

"గూబ పిల్లలు. ఆకలైతున్నట్టుంది. ఇగ జంటల మిగిలిన గూబ ఒక్కటే ఎలుకలు తెచ్చిపెట్టాలె," అంది సైదమ్మ.

"అమ్మా... ఆ ఎలుకలు నేను పూడ్చలేదు. పొదల్ల పారేసిన."

సైదమ్మ ఒకసారి తొర్ర వైపు చూసి, పొయ్యి దగ్గరికి పోయింది. తిట్టినా బాగుండేదనిపించింది సంగీతకు.

అంతలో పక్కింటి నాగక్క చచ్చిన ఎలుకల తట్టతో కంచె వైపు వస్తోంది. సంగీత ఎదురు పరుగెత్తింది.

"పారెయ్యకు పెద్దమ్మా! నేను పూడుస్తా."

"నీకెందుకే ఈ కంపు?"

"నేను పారేసినయి తిని గుడ్లగూబ చచ్చిపోయింది."

నాగక్క తట్ట కింద పెట్టింది. సంగీత పార తెచ్చింది. నేల గట్టిగా ఉంది. అరచేతులు బొబ్బలెక్కినా ఆపలేదు, మోకాలి లోతు దాకా తవ్వింది.

తొర్రలో బుసలు మాత్రం ఆగలేదు.