కట్టు కాలితో నిలబడినోడు

పుత్తూరు నుంచి నగరి పోయే దారిలో ఒక విరిగిన కల్వర్టు ఉండాది. చీకటి పడినాక ఆడ ఎవరూ బండి నిలపరు. నిలిపితే కిటికీ కాడికి ఎవరో కుంటుకుంటా వస్తారంట... ముందు వాసన వస్తాదంట. కోడిగుడ్డు సొన, ఆకు పసరు కలిసిన వాసన.

మా తట్టోళ్లకు ఆ వాసన తెలుసు. ఎముక విరిగితే పుత్తూరులో కట్టే కట్టు వాసన అది.

ఆడ దెబ్బ తిన్న మనిషి పేరు మునిచంద్ర. నీళ్ల మోటార్లు రిపేరు చేసేవాడు. ఏదో కారు గుద్ది కాలు విరిగింది. ఆ దారిన పోయే గిరి అనే ఆయప్ప తన కారులోనే ఎక్కించుకోని పోయి కట్టు కట్టించినాడు. "రోడ్డు మీద పడుండాడు, పాపం... చూసి పోలేకపోయినా" అన్నాడు. ఊరంతా మెచ్చుకునింది.

కట్టు ఎముకకే గదా. కడుపులోపల కారే రక్తానికి కాదు. తొమ్మిదో రోజు మునిచంద్ర పోయినాడు. పోయేముందు భార్య నాగులమ్మ చెయ్యి పట్టుకోని ఒకే మాట అన్నాడు—

"గుద్దింది గిరే."

ఆసుపత్రికి పోయుంటే పోలీసులకు చీటీ పోయేది. కట్టుకు చీటీ ఉండదు. ఆ తెలివి గిరికి ఉండాది.

నాగులమ్మ పోయి అడిగితే నవ్వినాడు. "సాయం చేసినోడి మీదనే నింద ఏస్తావా అక్కా? సాక్ష్యం యాడుండాది?"

వకీలు కృపారాణి మేడం చెప్పింది. "గుద్దిన బండికి ఇన్సూరెన్సు ఉంటే మీకు పరిహారం వస్తాదమ్మా. ఆ బండే గుద్దిందని కేసుండాల. గుద్దినప్పటి నుంచి ఆరు నెలలు దాటితే అర్జీ తీసుకునేది కష్టం."

అప్పటికే ఐదు నెలల ఇరవై రోజులు అయిపోయినాయి.

ఆ రాత్రి గిరి ఎవరిదో పెండ్లిలో భోజనం చేసి ఒక్కడే వస్తా ఉన్నాడు. కల్వర్టు కాడ గుంతలు... బండి మెల్లగా పోనిచ్చినాడు. లైట్ల వెలుగులో — ఒక కాలు. వెదురు దబ్బలు, మరకల గుడ్డ. పైన మునిచంద్ర చొక్కా. తల మీద కప్పుకున్న తుండుగుడ్డ... మొకం లేదు.

గిరి కాలు క్లచ్చి మీంచి జారింది. ఇంజను ఆగిపోయింది.

టక్... టక్... కర్ర చప్పుడు. వాసన.

"గిరీ..."

"అన్నా... మునిచంద్రన్నా... నన్నేం చెయ్యొద్దు. పిల్లలు గలోణ్ణి..."

"నాకూ ఒక బిడ్డ ఉండాది గదరా."

"ఫోన్ చూస్తా తోలినా అన్నా... కావాలని గుద్దలేదు..."

"నాకెందుకు చెప్తావు? స్టేషన్లో చెప్పు. చెప్పకపోతే... రేపటి నుంచి నీ పక్క సీట్లో నేనే కూర్చుంటా."

తెల్లారకముందే గిరి స్టేషన్ మెట్ల మీద కూర్చోనున్నాడు. కేసు రాసుకున్నారు. గడువుకు నాలుగు రోజుల ముందు పరిహారం అర్జీ పడింది.

ఇదంతా విన్నట్టు చెప్పినా. వినలేదు. మునిచంద్ర బిడ్డను నేనే.

నాయన కట్టు గుడ్డ, దబ్బలు ఇంట్లోనే ఉన్నాయి. రెండు గుడ్లు పగలగొట్టి పూసుకున్నా. గుసగుసలో ఆడగొంతని, మొగగొంతని ఎవరికి తెలుస్తాది?

ఆ కారుకు ఇన్సూరెన్సు ఉండనే ఉన్నింది. ఆ పొద్దే నిజం చెప్పి ఆసుపత్రికి తీసకపోయుంటే నాయన బతికేవాడేమో. ఖర్చు కంపెనీ పెట్టుకునేది. ఆయప్ప జేబులోంచి పైసా పోయేది కాదు.

మొన్న గిరి మా ఇంటికొచ్చినాడు. చిక్కి సగమైనాడు. రెండు చేతులకూ తాయెత్తులు. అమ్మ కాళ్ల కాడ కూర్చున్నాడు.

"అంతా చెప్పేసినా గదక్కా... మునిచంద్రన్న శాంతించినట్టేనా?"

అమ్మ నా తట్టు చూసింది — ఇంక చెప్పెయ్యే అన్నట్టు.

నేను కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చినా.

"యాడ మామా," అన్నాను. "రాత్రి కూడా కలలోకి వచ్చినాడు. మీ ఇంటికి దారి యాడని అడగతా ఉన్నాడు."