వందో బేరం

మేదిని అట్టు తిరగేస్తున్న సమయానికి ఆమె ఛాయ ఊళ్ళో ఎక్కడో బేరమాడుతూనే ఉంది. డెబ్బయ్యొక్క రోజులుగా అదే వరస. అట్టు అంచు ఎర్రగా కాలి, జల్లెడలా చిల్లులు పడి, పెనం నుంచి దానంతటదే లేచింది. అది చూసి ఆమెకు ఎంత సంతోషం కలిగిందంటే, బేరం సంగతి ఒక్క క్షణం మరచిపోయింది.

"మొదటిది నాకే," అన్నాడు కౌస్తుభ్, కంచం పట్టుకుని వెనక నిలబడి. పెళ్ళై నలభై రెండు రోజులైంది. మొదటి అట్టు ఎవరిదన్న తగవు ఇంకా తీరలేదు.

"సగం సగం."

"చూశావా. నీతో బేరమాడి గెలిచినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మొన్న నేను సినిమా అన్నాను, నువ్వు బీచి అన్నావు. ఎక్కడికెళ్ళాం?"

"బీచికే."

"మరి ఆ వందో మనిషెవరో గట్టివాడే. ఇవాళ చూసి నాలుగు కిటుకులు నేర్చుకురా."

మేదిని నవ్వింది గాని, ఆ వందో మనిషి చేతిలోనే ఆమె పని అంతా ఆగిపోయి ఉంది. బట్టలు వాటంతటవే అతుక్కునే కాలంలో ఆమె పాత పద్ధతిన గుండీకి చేత్తో కాజా కుట్టడం నేర్పే పాఠం తయారుచేసింది. పెళ్ళికి మూడు నెలల ముందు అద్దకం మిల్లులో ఉద్యోగం మానేసి మరీ చేసింది. పాఠాలు అమ్ముడయ్యే పాఠపేటలో కొత్త పంతుళ్ళకు ఒక నియమం ఉంది. తమ పాఠానికి ధర తాము పెట్టుకోకూడదు. పూర్వం కొత్తవాళ్ళు మొహమాటపడి మరీ తక్కువ చెప్పడమో, ఆశపడి ఎక్కువ చెప్పడమో చేసి నష్టపోయేవారట. అందుకని బేరఛాయలు వచ్చాయి. పంతులు తన ముఖం, గొంతు ఒకసారి అప్పగిస్తే చాలు. పాఠం మీద ఆసక్తి ఉన్న వంద మంది ఇళ్ళకు వంద ఛాయలు వెళతాయి. గోడతెర మీద ప్రత్యక్షమై పాఠం గొప్ప చెబుతాయి, ధర చెబుతాయి, తగ్గిస్తాయి. ఎదుటివారు ఏ మాటకు మెత్తబడతారో గమనించి అందుకు తగినట్టు మారతాయి. కొన్నాక ఛాయకు పని ఉండదు, చెరిగిపోతుంది. వంద బేరాలూ తెగితే వాటి సగటే పాఠం ధర. ఆ తర్వాతే పాఠం లోకానికి తెరుచుకుంటుంది.

తొంభై తొమ్మిది బేరాలు ఇరవై రోజుల్లోనే తెగాయి. అయితే కొన్నవారిలో ఒక్కరూ మొదటి పాఠంలో అరనిమిషం దాటి చూడలేదు. ఆ అంకె చూసినప్పుడల్లా మేదిని అద్దం ముందు నిలబడి తన గొంతు తానే వినేది.

"గొంతులో ఏమీ లేదు," అనేవాడు కౌస్తుభ్. "నేను ఆ పాఠం నాలుగుసార్లు చూశాను. ఇప్పటికీ కాజా కుట్టడం రాదు, అది వేరే విషయం."

డెబ్బై రోజులు దాటినా తెగని బేరమైతే, కొనేవారు సమ్మతిస్తే పంతులు స్వయంగా వెళ్ళి కలవవచ్చు. అక్కడే, ఇష్టమైతే, పాఠం ఉచితంగా ఇచ్చి బేరం ముగించవచ్చు. సమ్మతి నిన్న వచ్చింది. ఉచితంగా ఇచ్చేద్దామనే నిర్ణయంతో మేదిని బయలుదేరింది. దారిలో సంపెంగలు కనిపిస్తే రెండు కొని జడలో పెట్టుకుంది.

విశాఖలో పాత ఓడరేవు వెనక, ఎత్తు మేడల మధ్య పద్నాలుగో అంతస్తు. తలుపు తీసినాయన డెబ్బై ఏళ్ళవాడు, కోరాడ నరసింగరావు. రేవులో క్రేను నడిపి రిటైరయ్యాడు. ఆమెను చూసి కాసేపు పోల్చుకున్నాడు.

"నువ్వేనా కాజాల పంతులమ్మవి. మొదటి రోజు నీ ఛాయ ఇలాగే ఉండేది," అన్నాడు. "రా అమ్మా, కూర్చో. టీ తాగుతావేటి?"

"తాగుతానండీ. మీకొక మంచి మాట చెబుదామని వచ్చాను. మీ దగ్గర డబ్బేమీ వద్దు. పాఠం ఊరికే ఇచ్చేస్తాను."

ఆయన చేతిలో గిన్నె గట్టు మీద ఠక్కున ఆగింది.

"వద్దమ్మా. అంత పని చెయ్యకు."

"ఎందుకండీ?"

"నాలుగవుతాది. కూర్చో. నువ్వే చూద్దువు గాని."

నాలుగు గంటలకు గోడతెర వెలిగింది. మేదిని తన ముఖం చూడబోతున్నాననుకుని కొంగు సర్దుకుంది. గోడ మీదికి వచ్చిన అమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయి. చామనచాయ, కొంచెం ఎత్తు పళ్ళు, ఒక కనుబొమ మీద పాత గాటు. మేదిని ఆ అమ్మాయిని ఎన్నడూ చూడలేదు.

"నాన్నా, ఇయాలైనా కొంటావేటి?"

"ధర చెప్పు ముందు."

"నాలుగొందలు."

"నాలుగు కాజాలకి నాలుగొందలా? ఆ డబ్బుకి దర్జీయే ఇంటికొస్తాడు."

"వస్తాడు. నీ చొక్కా చూసి అటునుంచి అటే పారిపోతాడు."

ఆయన భుజాలు కదిలేలా నవ్వాడు. మేదినికి కూడా నవ్వు వచ్చింది.

"మూడొందల తొంభై. నా కోసం కొనవా నాన్నా?"

"కొనను."

"ఎప్పుడూ ఇంతే. నేనేదడిగినా కొనవు."

"రేపు చూద్దాంలే తల్లీ."

తెర ఆరిపోయింది. గదిలో టీ పొంగిన వాసన. ఆయన లేచి పొయ్యి కట్టి, మిగిలిన టీ రెండు గ్లాసుల్లో పోశాడు.

"మా పైడి. పోయి తొమ్మిదేళ్ళు," అన్నాడు. "ఛాయ అడుగుతాది కదా, ఇది ఎవరికోసం నేర్చుకుంటారు, ఇంట్లో ఎవరున్నారు అని. చెప్పాను. ఫోటో ఆ గోడ మీదే ఉంది. దాని మాటలు పాత ఫోన్లో ఉన్నాయి, వినిపించాను. ఆరో రోజుకి ముక్కు వచ్చింది. పదో రోజుకి గొంతు. ఆ గాటు మాత్రం నిన్నగాక మొన్ననే వచ్చింది."

"మరి కొనెయ్యకుండా..."

"కొన్నానమ్మా. తేనెటీగల పెంపకం, వీణ మరమ్మతు, పడవలకి రంగు వెయ్యడం. పదకొండు పాఠాలు కొన్నాను. అది అంతలా అడుగుతుంటే ఎలా కాదంటాను? కొన్న మరుక్షణం వెళ్ళిపోయేది. గోడ మీద ఎవరో పంతులు వచ్చి నమస్కారం అనేవాడు. పదకొండోసారికి గాని నాకు బుద్ధి రాలేదు."

మేదిని గోడ మీది ఫోటో వైపు చూసింది. తొంభై తొమ్మిది ఇళ్ళు ఆమెకు ఒక్కసారిగా కనిపించాయి. తొంభై తొమ్మిది గోడల మీద తన గొంతుతో మొదలై ఎవరెవరి గొంతుగానో మారిన ఛాయలు. కొన్నాక పాఠం తెరిస్తే, ఎవరి కోసమో ఎదురు చూస్తున్న మనుషుల ముందు తను నవ్వుతూ నిలబడింది. అరనిమిషం చూడడం కూడా వాళ్ళ మర్యాదే.

"నేను ముగించనండీ," అంది చివరికి. "అలాగే ఉండనివ్వండి. పాఠం తెరుచుకోకపోతే మిల్లుకు మళ్ళీ వెళతాను."

ఆయన ఆమె కాలి వేళ్ళకున్న కొత్త మట్టెల వైపు చూశాడు. తర్వాత జడలోని సంపెంగల వైపు.

"ఎన్నాళ్ళయింది పెళ్ళై?"

"నలభై రెండు రోజులు."

"రోజులు లెక్కపెడుతున్నావన్నమాట," అన్నాడు. ఆ మాటకు తనే చిన్నగా నవ్వాడు. "మిల్లుకేటి వెళ్తావు. నీ వయసుదే అది. ఏదో దుకాణం పెడతానని నా వెనకాల తిరిగేది. రేపు చూద్దాం అనేవాణ్ణి."

"మీకు మరో ఛాయ వస్తుందా?"

"వస్తాది. ఎవరో కొత్త పంతులు దొరక్కపోడు. కాకపోతే ఛాయ మారితే దానికేమీ తెలీదు. మొదటినుంచి చెప్పాలి. పైడి ఎలా ఉండేది, ఎలా పోయింది, అంతా. ఇప్పటికి పన్నెండుసార్లు చెప్పాను." ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఆ పోయిన రోజు సంగతి చెప్పినప్పుడే ఛాయ సరిగ్గా దానిలా నవ్వడం నేర్చుకుంటాది. ఎందుకో మరి."

మేదిని వద్దని చేయి చాచేలోపే ఆయన గోడ మీద అరచెయ్యి ఆనించాడు. పైడి మళ్ళీ వచ్చింది.

"ఏటి నాన్నా, మనసు మారిందా?"

"మారింది. మూడొందల తొంభైకే ఇచ్చెయ్. ఇంక తగ్గించొద్దు."

ఆ అమ్మాయి ముఖం వెలిగింది. ఎత్తు పళ్ళు బయటపడేలా నవ్వింది. ఆ నవ్వులోనే పెదవులు కదిలి, "మీ కొనుగోలుకు ధన్యవాదాలు," అని పద్ధతిగా చెప్పింది. కనుబొమ మీది గాటు మొదట పోయింది. తర్వాత మిగిలినదంతా పోయింది.

ఆ చోటులో మేదిని వచ్చింది. పెళ్ళికి ముందు, కొత్త చీరలో, ఉత్సాహం ఆపుకోలేక చేతులు తిప్పుతూ. "నమస్కారం. నా పేరు మేదిని. మనది తెల్ల గుడ్డ మీద పని. అందుకని ముందు వెళ్ళి చేతులు శుభ్రంగా కడుక్కుని రండి. నేను ఆగుతాను."

నరసింగరావు లేచి వెళ్ళాడు. కుళాయి నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. తిరిగి వచ్చి, తడి చేతులు పంచెకు తుడుచుకుని, గోడకెదురుగా పీట మీద కూర్చున్నాడు. రెండు అరచేతులూ తెర ముందుకు చాపి చూపించాడు. తెర మీది మేదినికి అవి కనిపించవు. ఆమె అప్పటికే సూది ఎంచుకోవడం గురించి చెప్పుకుపోతోంది.

"శుభ్రంగా ఉన్నాయండీ," అంది గుమ్మం దగ్గర నిలబడిన మేదిని.

ఆయన వినిపించుకోలేదు. ఆ మాట గోడ చెప్పాలని ఎదురుచూస్తూ చేతులు అలాగే చాపి కూర్చున్నాడు.