గుర్రబ్బండి బొమ్మ డబ్బా

"తప్పు సంవత్సరం చెప్తే పోలీసులొస్తరేమోనే ఇందూ! రేపు ఎవడన్న కేసు పెడితే ఎట్ల?"

ఇంకా ఎవరూ రాలేదు, ఏమీ జరగలేదు. అయినా వజ్రమ్మ పొద్దున్నే పాలగిన్నె ముందు నిలబడి ఈ మాట మొదలుపెట్టింది. ఎల్బీ నగర్‌లోని ఆ చిన్న ఇంట్లో ఒక గది నిండా కూతురు తెచ్చిపెట్టుకున్న రేకు డబ్బాలే. టీ పొడివి, పౌడర్‌వి, ముక్కుపొడివి, బిస్కెట్లవి. పాత కంపెనీలు తమ పేరూ బొమ్మా అచ్చువేయించి అమ్మినవి. వాటిని పోగేసుకునే వాళ్లకు, ఏ డబ్బా ఏ కాలానిదో చూసి చెప్పడం ఇందు పని. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు కోచింగ్ మానేసి మరీ పట్టుకున్న పని.

"పోలీసులెందుకొస్తరమ్మా? దొంగనోట్లు అచ్చేస్తున్ననా?"

"తుప్పు గీసుకుంటే ధనుర్వాతమొస్తది. అప్పుడు పోలీసులు రారులే, అంబులెన్సే ఒస్తది."

ఇందు నవ్వింది. వజ్రమ్మకు ఒళ్లు మండింది. ఈ పిల్లకు భయమనేది దేవుడు పెట్టనే లేదు.

అంతలో అత్తగారు హనుమాయమ్మ తన గదిలోంచి ఒక బిస్కెట్ల డబ్బాను కొంగుతో పట్టుకుని వచ్చింది. ఎర్రటి రేకు మీద గుర్రబ్బండి బొమ్మ, బండి కింద '1948' అని పెద్ద అంకెలు. ఇన్నేళ్లూ వక్కలు పోసుకుని, ఎవరినీ ముట్టనివ్వకుండా బీరువాలో దాచుకున్నది. నాగోల్ నుంచి సాంబమూర్తి అనే పెద్దమనిషి పాత డబ్బాలు చూడ్డానికి వస్తున్నాడని తెలిసి ఇవాళ బయటికి తీసింది.

"ఇందూ, ఆయనకు జెప్పు. ఇది నిజాం జమాన డబ్బా. మా నాయిన బేగంబజార్ల కొన్నడు. అండ్లనే రాసున్నది గద, నలభై ఎనిమిదని!"

ఆ డబ్బాను చూస్తే చాలు, వజ్రమ్మ ముఖం తిప్పుకుంటుంది.

ఇందు పుట్టినప్పుడు వజ్రమ్మను పుట్టింటికి పంపలేదు. పోచంపల్లి పక్కన ఆ మగ్గాల ఊళ్లో దవాఖాన ఎక్కడుందని అత్త అడ్డం పడింది. సరే, తల్లి తిరుపతమ్మే వస్తుందనుకుంది. రాలేదు. నొప్పులప్పుడూ రాలేదు, పురిటి స్నానంనాడూ రాలేదు. ఏడాది తర్వాత కనబడితే, "ఒచ్చిన బిడ్డా. గుర్రబ్బండి బొమ్మ డబ్బాల బాలింతకు పెట్టే కాయం ఉండలు తెచ్చిన. నువ్వు పండుకున్నవన్నరు" అంది. వజ్రమ్మ మండిపడింది. ఆ డబ్బా మా అత్తది, ఆమె తండ్రి కొన్నది, ఇంట్ల చూసి నాకే కథలు చెప్తవా అని అరిచింది. తిరుపతమ్మ మళ్లీ ఈ మెట్లెక్కలేదు. తర్వాత ఎక్కడానికి మనిషే లేకుండా పోయింది.

ఇందు స్నానానికి వెళ్లింది. డబ్బా అడుగున జిడ్డూ తుప్పూ పేరుకుని నల్లగా ఉంది. వచ్చేవాడు చెయ్యి కోసుకుంటే ఎవరిది బాధ్యత? వజ్రమ్మ చింతపండూ పీచూ తీసుకుని సింకు దగ్గర బరబరా రుద్దింది. ఆ రుద్దడంలో శుభ్రం కంటే కసే ఎక్కువ.

"అమ్మా!" ఇందు తడిజుట్టుతోనే పరుగెత్తుకొచ్చింది. "ఆపు! పాత డబ్బాను తోముతరా ఎవరన్న? రంగంత పోతది! నా పని నీకు ఆటలెక్క ఉన్నదా?"

"ఆటనే! తుప్పు రేకులకు పుట్టినరోజులు చెప్పుడు ఆట గాక ఏంది? నీ డబ్బాల దుకాణం ఇయ్యాలనే మూసిపారేస్త!"

ఇందు డబ్బా గుంజుకుంది. తిప్పి చూసింది. మళ్లీ ఏదో అనబోయి ఆగిపోయింది. జిడ్డు వదిలిన చోట సన్నటి అక్షరాలు తేలాయి. ఫోన్ లైటు వేసి, వేలితో నీళ్లు తుడిచింది.

"నానమ్మా, ఇది నిజాం కాలంది కాదు."

"కండ్లు కనవడ్తలేవా? నలభై ఎనిమిదని ఉన్నది!"

"అది కంపెనీ పెట్టిన సంవత్సరం. డబ్బా చేసిన సంవత్సరం కాదు. కొత్తగ చూసెటోళ్లు అందరు ఈడనే పడ్తరు. అడుగున జూడు, అడ్రస్‌ల పిన్‌కోడ్ ఉన్నది. నిజాం జమానల పిన్‌కోడ్ ఏడిది? పక్కనే స్వర్ణోత్సవ ప్రత్యేకం అని ఉన్నది. యాభై ఏండ్లయిందని పాత బొమ్మనే మళ్ల అచ్చేసిన్రు. ప్యాకింగ్, మార్చి తొంభై ఎనిమిది."

తొంభై ఎనిమిది ఏప్రిల్‌లో పుట్టింది ఇందు.

వజ్రమ్మ చేతిలోని పీచు సింకులో పడిపోయింది. ఏడో తరగతి చదువే అయినా అంకెలు చదవడం వచ్చు. డబ్బా తీసుకుని తనే చూసింది. తర్వాత అత్త వైపు తిరిగింది. ఇన్నేళ్లలో ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తింది.

"అత్తమ్మా, మీ నాయిన ఎప్పుడు పోయిండు?"

హనుమాయమ్మ కుర్చీ కోసం వెనక్కి తడుముకుంది.

"నా పెండ్లికి ముందే పోయిండు గద? సచ్చినోడు ఒచ్చి బిస్కెట్లు కొన్నడా? ఇది మా అమ్మది! నా కోసం కాయం జేసి, బస్సుల ఒళ్లె పెట్టుకోని తెచ్చింది! నువ్వు డబ్బా లోపట పెట్టుకోని మనిషిని బయటనుంచే తోలినవ్! నీ మాట నమ్మి నేను నా కన్నతల్లిని అబద్ధాలాడకు అన్న! ఆ మాట మోసుకోనే పోయింది ఆమె!"

"అమ్మా, బీపీ..." అని ఇందు భుజం పట్టుకుంది.

"ఒదులు! నాకేమైతదో అని ఇన్నేండ్లు నేనే భయపడ్డ. ఇయ్యాల ఏమన్న కాని!"

సాంబమూర్తి నుంచి ఫోను వచ్చింది. ఇందు కట్ చేసింది. వీధిలో కూరగాయల బండి మైకు దగ్గరికొచ్చి, అరిచి, దూరమైంది. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి, ఎవరూ కదల్లేదు. హనుమాయమ్మ కుర్చీలో కూలబడి తన కాళ్ల వైపే చూస్తోంది.

వజ్రమ్మ నేల మీద కూర్చుంది. డబ్బాను ఒళ్లో పెట్టుకుంది. కోపం ఇంకా కాలుతూనే ఉంది, కానీ మాట మాత్రం చిన్నదైంది.

"ఎందుకు తోలినవని అడుగుత లేను. పొయ్యేటప్పుడు మా అమ్మ ఏమన్నది? గదొక్కటి చెప్పు."

ఇందు వెళ్లి పొయ్యి ఆర్పి వచ్చింది. వజ్రమ్మ ఆశ వదులుకుని లేవబోయింది.

"మీ అమ్మ పిల్లను ఊరికి తీస్కపోతదని భయమైంది నాకు" అంది హనుమాయమ్మ, ఎవరి ముఖమూ చూడకుండా. "పండుకున్నదని చెప్పిన. మెట్ల మీదనే నిలవడ్డది, ఎండల. లోపట నువ్వు దగ్గినవ్. ఇన్నది. ఇని కూడా... 'లేపకు వదినా, పచ్చి బాలింత, జర పండుకోనియ్యి. లేచినంక అమ్మ ఒచ్చిందని చెప్పు' అన్నది."