కాలువ పక్క ఎర్ర చుక్కలు

"మా ఇంట్ల ఎవ్వలకు ఏ రోగం లేదు. పక్కింటికి పో," అని పరమేశ్ తలుపు సగం మూశాడు.

ఆ సందులోంచే సింధూజకు మంచం మీద కూర్చున్న అతని తల్లి జమున కనిపించింది. అంత ఎండలోనూ తలకు గుడ్డ చుట్టుకుంది. కనుబొమలు లేవు.

"అమ్మకు కీమో ఎన్నోది?" అంది సింధూజ.

"నీకెందుకు? మ్యాప్‌ల మా ఇంటి మీద ఎర్ర చుక్క పెడ్తవు. మిల్లు బందైతది. గల్లీ మొత్తానికి నువ్వు వండిపెడ్తవా?"

"వంట రాదు. లెక్కపెట్టుడే వచ్చు," అని ఆమె పక్కింటికి వెళ్లింది.

సింధూజ, మిల్లు పనులకు వలస వచ్చిన తెలుగువాళ్ల బస్తీ నవాగామ్‌లో పుట్టి పెరిగిన పిల్లే. తండ్రి నర్సింగం మగ్గాల మీద పనిచేస్తాడు. ఒక డాక్టరమ్మ క్యాన్సర్ సర్వే పెడితే మూడు నెలలుగా ఇల్లిల్లూ తిరిగి, రోగి ఉన్న ఇంటికల్లా ఫోన్‌లోని మ్యాప్ మీద ఎర్ర చుక్క పెడుతోంది. రంగు మిల్లుల నీళ్లు పారే కాలువ పక్కన రెండు గల్లీల్లో పంతొమ్మిది చుక్కలు. దూరంగా ఉన్న రెండు గల్లీల్లో మూడే. జనం అంతే, తిండి అదే. బోర్లు మాత్రం వేరు.

ఆ తర్వాత పరమేశ్ ఎదురుపడితే చాలు, గొడవే.

"ఇయ్యాల ఎన్ని దొరికినయ్, మేడం?"

"నువ్వు దాచింది తప్ప అన్ని."

అయినా తొలి వాన పడ్డ రోజు గొడుగు ఆమె చేతిలో పెట్టి, "ఫోన్ తడుస్తదని, నీ కోసం కాదు," అంటూ తాను తడుచుకుంటూ మిల్లుకు పోయాడు.

వారం తర్వాత వార్డు మీటింగ్. మిల్లు యజమాని తన పనివాళ్లను గొడవ చేయమని పంపించాడు. వాళ్లలో పరమేశ్ ఉండటం చూసి సింధూజకు ఒళ్లు మండింది. మీటింగ్‌కు వచ్చిన మున్సిపల్ అధికారి మ్యాప్ వైపు సరిగా చూడను కూడా లేదు.

"వీళ్లంతా గుట్కా తినే జనం. మిల్లులను అంటే ఎట్లా?" అన్నాడు హిందీలో.

"ఇందులో పదకొండు మంది ఆడవాళ్లు, సాబ్. బోరు నీళ్లు టెస్ట్ చేయమనే అడుగుతున్నాం," అంది సింధూజ.

వెనక నుంచి పరమేశ్ లేచాడు.

"మా అమ్మ జన్మల గుట్కా ముట్టలేదు. క్యాన్సర్ వచ్చింది. నేను మిల్లుల పంపు కాడ పనిచేస్త. వాన పడ్డప్పుడల్లా మురికి నీళ్లు అట్లనే కాల్వలకు వదలమంటరు. వాల్వు తిప్పేది ఈ చెయ్యే. రాసుకోండ్రి."

మరో ఇద్దరు పనివాళ్లు లేచి అవునన్నారు. అధికారి టెస్ట్ కాగితం మీద సంతకం పెట్టక తప్పలేదు.

సాయంత్రానికి పరమేశ్ ఉద్యోగం పోయింది. సింధూజ వాళ్లింటికి వెళ్లి నిలదీసింది.

"మొదట్లనే ఎందుకు చెప్పలే?"

"అమ్మకు నా చేతి నీళ్లతోనే వచ్చిందేమో అని భయం. నువ్వు చుక్క పెడ్తే అది నిజమైతదనుకున్న."

ఆమె కోపం మిల్లు యజమాని మీదికి మళ్లింది. "వదలమన్నోడు ఏసీల కూసున్నడు. వాని తప్పు నీ నెత్తినేసుకోకు."

లోపల్నుంచి జమున అంది, "చుక్క పెట్టు బిడ్డా. నేను చెప్తున్న."

వానాకాలం పోయేసరికి, బోరు నీళ్లలో మిల్లు రసాయనాలు ఉన్నాయని టెస్ట్ రిపోర్టు వచ్చింది. బోర్లకు తాళాలు, మిల్లుకు నోటీసు, గల్లీలోకి మంచినీళ్ల ట్యాంకర్. జమున ఇంకా ఆస్పత్రికి తిరుగుతూనే ఉంది. సలాబత్‌పురా బజారులో చీరల దుకాణంలో చేరిన పరమేశ్ ఒకరోజు నీళ్ల లైన్‌లో సింధూజ పక్కన నిలబడ్డాడు.

"చిన్న నౌకరీ. మన పెండ్లికి మీ నాయిన ఒప్పుకుంటడా?"

"నాయినను నేను అడుగుత గని, నువ్వు నన్ను అడిగినవా?"

"అడుగుతున్న."

సింధూజ నిండిన బిందె అతని చేతికిచ్చింది. "పద, నాయిన ఇంట్లనే ఉన్నడు."