పక్కింటి మోత ఆగాలని

ఇలా నా పక్కకి జరుగు, చిట్టితల్లీ. ఆ ఫోను బోర్లా పెట్టు. మీ తాతయ్యా నేనూ ఎలా ఒక్కటయ్యామో చెప్తా. మధ్యలో ప్రశ్నలెయ్యకు, నాకు వరస తప్పుతుంది.

అప్పటికి మా అమ్మ రెండేళ్లుగా మంచంలో ఉంది. గుండె జబ్బు. రాత్రంతా ఆయాసం, తెల్లారాక ఒక్క కునుకు. సరిగ్గా ఆ వేళకే గోడ అవతల ధన్ ధన్ ధన్! రేకు డబ్బాలు చేసే కుర్రాడు కొత్తగా షెడ్డు పెట్టాడు. అందరూ డబ్బాలబ్బాయి అనేవాళ్లు.

వెళ్లి గుమ్మంలో నిలబడ్డా.

"ఏమండీ, కాస్త మెల్లగా కొట్టకూడదూ?"

"మెల్లగా కొడితే రేకు వంగదండీ. మెల్లగా తిడితే నేను వంగుతా."

నవ్వాడు. పళ్లు బాగున్నాయి. అందుకే ఇంకా ఒళ్లు మండింది. అమ్మ సంగతి చెప్పకుండానే వచ్చేశా. పొగరు!

మా ప్రార్థన మందిరంలో ఒక పద్ధతుండేది. మన అక్కర చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా పెట్టెలో వెయ్యాలి. ఆరాధన అయ్యాక తలా ఒక చీటీ తీసుకుని, ఎవరిదో తెలీకుండా వారమంతా ప్రార్థించాలి. నేను రాశా: "మా అమ్మకి పగలు నిద్ర పట్టాలి. ఆ మోత ఆగాలి."

ఎనిమిదో రోజు మోత ఆగింది.

రేకు జారి అతని కుడి మణికట్టు కోసుకుపోయిందట. అమ్మ హాయిగా నిద్రపోతోంది, నాకు అన్నం దిగట్లేదు. నాలుగో రోజు ఏడుస్తూ అమ్మకి చెప్పేశా.

అమ్మ ఆయాసం వచ్చేదాకా నవ్వింది. "పిచ్చి మొహమా! నాకో కునుకివ్వడానికి దేవుడు ఇంకొకరి చెయ్యి కొయ్యాలా? ఆయన దగ్గర నిద్రకి అంత కరువొచ్చిందా? లే, ఆ అబ్బాయికి వేడి పాలు పట్టుకెళ్లు. నిజం చెప్పు."

వెళ్లా. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"సారీ అండీ. మీ మోత ఆగాలని చీటీ రాసింది నేనే."

అతను జేబులోంచి ఒక కాగితం తీశాడు. "ఇదేనా? ఆ రోజు మందిరంలో నాకే వచ్చింది! ఏడు రోజులు మోకాళ్ల మీద ప్రార్థించా. ఆ మోత చేసేవాడికి బుద్ధి చెప్పు ప్రభువా అని నా సొంతంగా కూడా కలిపా!"

ఏడవబోయి నవ్వేశా. పాలు సగం ఒలికిపోయాయి.

అతను మాత్రం నవ్వు ఆపేశాడు. "రెండు వేళ్లు ఇక వంగవన్నారు డాక్టరు. సుత్తి పట్టలేను, వేరే పని రాదు. దేవుడు విన్నాడని మీకు భయం. అసలు వింటున్నాడా అని నాకు భయం."

"నాకూ తెలీదండీ. అమ్మకి నయం చెయ్యమని రెండేళ్లుగా అడుగుతున్నా, కాలేదు. కానీ ఏ పొద్దూ మమ్మల్ని ఒంటరిగా వదల్లేదు. అంతవరకు తెలుసు." పాలగ్లాసు చేతికిచ్చి లేచా. "రేపు అమ్మ నిద్ర లేచాక వస్తా. రేకు నేను పట్టుకుంటా, మీరు ఎడమచేత్తో కొట్టండి."

మొదటి డబ్బాకి మూత పట్టలేదు. రెండోది కుండలా వచ్చింది. మూడోసారి సుత్తి నా వేలి మీద పడింది. దెబ్బ నాకు, కళ్లనీళ్లు అతనికి! నెలలు గడిచాయి. వేళ్లు వంగలేదు గానీ డబ్బాలు తిన్నగా రాసాగాయి.

ఒకరోజు వాన. పైరేకుల మీద హోరు. అతను ఏదో అన్నాడు.

"ఏంటీ?"

మళ్లీ అన్నాడు.

"వినబడట్లేదండీ!"

"నన్ను పెళ్లి చేసుకుంటారా అంటున్నా!" అని గొంతు చించుకుని అరిచాడు.

కిటికీలోంచి అమ్మ గొంతు: "చేసుకుంటుంది బాబూ! ఆగండి, నేనొస్తున్నా!"

అంతకాలం మంచం దిగని మనిషి, గోడ పట్టుకుని, ప్రతి అడుగుకీ ఆగుతూ, వానలో తడుస్తూ వచ్చింది. మా ఇద్దరి తలల మీద చేతులు పెట్టి ప్రార్థన చేసింది. సగం మాటలు ఆయాసానికే పోయాయి. ఆమేన్ మాత్రం గట్టిగా అంది.

ఆ తర్వాత అమ్మ ఏడాదే ఉంది. తాతయ్య వేళ్లూ అలాగే ఉన్నాయి, చూస్తున్నావుగా. దేవుడి మీద అలగలేదా అంటే, అలిగాం. అలిగినా ఆయన ఇంట్లోనే ఉన్నాం. ఈ చల్లని బతుకంతా అక్కడే దొరికింది మాకు.

గుర్తుంచుకో తల్లీ. రేపు నీ పిల్లలకి చెప్పు. మేం అలిగిన సంగతి దాచకు, అదీ చెప్పు.