తోక విదిలించేదాకా

మోకాలి లోతు నీళ్లలో మనిషి మునిగి చనిపోయాడు. ఈత పోటీల్లో రెండుసార్లు డిపార్ట్‌మెంట్ కప్పు గెలిచినవాడు!

చీఫ్ ఆ ఫోటోను టేబుల్ మీద బోర్లా పెట్టి, లేచి వెళ్లి పాత ఫ్యాన్ ఫుల్ స్పీడులో పెట్టాడు. ఆ గదిలో రహస్యం మాట్లాడాలంటే ఆ ఫ్యాను గోలే కాపలా.

"టేకు చేప తోకలోని విషపు ముల్లు గుచ్చుకుందట. స్పృహ తప్పి బోర్లా పడ్డాడట. క్యాంపు వాళ్ల రిపోర్టు ఇది."

"నువ్వు నమ్మావా?"

"నమ్మితే మిమ్మల్నెందుకు పిలుస్తాను బావగారూ?"

ఎదురుగా కూర్చున్న ఏజెంటును డైరెక్టరు దగ్గర్నుంచి డ్రైవరు దాకా అందరూ బావగారనే పిలుస్తారు. చీఫ్‌కు స్వయానా అక్క మొగుడు మరి. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకోనిదే గడప దాటడు. మాంసం ముట్టడు. తుపాకీ ముట్టక తప్పదు. ఈ రెండింటికీ పొత్తెలా కుదురుతుంది స్వామీ అని చాలాసార్లు అడిగాడు. జవాబు రాలేదు, రిటైరయ్యే వయసు మాత్రం వచ్చేసింది.

చీఫ్ మ్యాప్ పరిచాడు. నీలం కాగితం మీద ఆవాలు చల్లినట్టు దీవులు.

"వారానికోసారి సీప్లేన్. ఉన్నదల్లా ఒక్క ఫిషింగ్ క్యాంపు. డబ్బున్నవాళ్లు సెలవులకెళ్లి, ఈకలతో కట్టిన ఉత్తుత్తి పురుగును ఎరగా వేసి చేపల్ని పడతారు. ఆ ఎర పేరు ఫ్లై."

"తినడానికా?"

"కాదు. పట్టి, ఫోటో దిగి, వదిలేస్తారు."

"వదిలేసేదాన్ని పట్టడమెందుకు?"

"ఆ ప్రశ్న అక్కడ అడక్కండి. టూరిస్టు కాదని తెలిసిపోతుంది." చీఫ్ పెన్సిల్‌తో దీవుల పక్కన గీత గీశాడు. "ఇది లోతైన ఛానల్. శుక్రవారం మధ్యాహ్నం మన కొత్త సబ్‌మెరీన్ ఇందులోంచి వెళ్తుంది. ప్రతి సబ్‌మెరీన్‌కీ తనదైన చప్పుడుంటుంది, మన వేలిముద్రలాగా. ఒక్కసారి రికార్డయిందా, ఇక ఏ సముద్రంలో దాక్కున్నా వెతికి పట్టేస్తారు. విదేశీ ముఠా ఒకటి అక్కడ నీళ్లలో మైకు పెట్టింది. ఎవరు పెట్టారో, ఎక్కడ పెట్టారో తెలియదు."

"దారి మార్చండి."

"మారిస్తే మనకు తెలిసిపోయిందని వాళ్లకు తెలుస్తుంది. మైకు ఇంకో చోటికి పోతుంది. శుక్రవారం ఆ మనిషి మైకు దగ్గరే ఉంటాడు. అంచేత ఎవరో తెలిస్తే ఎక్కడో తెలుస్తుంది." చీఫ్ తల వంచుకున్నాడు. "ఇంకో సంగతి. అక్కకు చెప్పకండి. ఆ సబ్‌మెరీన్‌లో మనవాడున్నాడు."

మనవాడంటే బావగారి ఒక్కగానొక్క కొడుకు. ట్రైనింగని చెప్పి వెళ్లాడు. వాళ్లమ్మ రోజూ వాడి పేరు చెప్పి దేవుడి దగ్గర దీపం పెడుతోంది.

బావగారు మ్యాప్ మడిచి పక్కన పెట్టాడు. "సామాను ఇవ్వు," అన్నాడు.

సామానంటే ఒక రాడ్, ఒక రీల్, ప్లాస్టిక్ డబ్బాలో వేలిగోరంత నల్ల ఫ్లై.

"ఉప్పునీళ్లు తగలగానే ఇది అరగంటసేపు వంద ఓడల రొద చేస్తుంది. పైకి వినపడదు, నీళ్లలో మైకుకు మాత్రం చెవుడొస్తుంది. మైకుకు నాలుగు గజాల లోపల పడాలి. దూరంగా పడితే వడపోసి మన చప్పుడు విడదీసుకుంటారు. ముందే వేస్తే ముందే చస్తుంది. ఉన్నది ఒక్కటే."

"నాకు గాలం వెయ్యడమే రాదయ్యా!"

"నాలుగు రోజుల టైముంది, నేర్చుకోండి. అక్కడ మన మనిషి ఒకరున్నారు. వాళ్ల జీతమూ తీసుకుంటారు, మన జీతమూ తీసుకుంటారు. ఎవరి వైపో నాకూ గట్టిగా తెలియదు. ఆ మనిషి ముఖం తెలిసిన ఒక్క ఆఫీసరూ ఇప్పుడు ఈ ఫోటోలో ఉన్నాడు. గుర్తొక్కటే మిగిలింది. టోపీకి ఎడమ పక్క గులాబీ రంగు ఫ్లై."

* * *

సోమవారం సీప్లేన్ ఆయన్ని ఇసుక మీద దింపి వెళ్లిపోయింది. క్యాంపంటే చెక్క గదులు, వరండాలో వరసగా ఆనించిన రాడ్లు, ఉప్పు పట్టి తెల్లబడిన తలుపు గొళ్లాలు. ఆ వారం మనుషులు నలుగురే. ఎర్ర కళ్లద్దాల ఆవిడ ఫోటోగ్రాఫరునని చెప్పుకుంది. నడుస్తుంటే ఇసుక కూడా పక్కకు తప్పుకుని చూసేలా ఉంది. రిటైరైన పళ్ల డాక్టరొకాయన ఎవరు నవ్వినా నోట్లోకే చూస్తున్నాడు. చేపలకు ట్యాగులు కట్టి అవెక్కడ తిరుగుతాయో పరిశోధించే సైంటిస్టును అందరూ చేపల డాక్టరంటున్నారు. నాలుగోవాడు గైడు. ఎండకు మాడి మాడి చెక్కలా అయిపోయిన మనిషి.

మంగళవారం పొద్దున గైడు వరండాలోకొచ్చి తలా ఒక ఫ్లై పంచాడు.

"ఈ వారమంతా చేప రొయ్య పిల్లల్నే తింటోంది. గులాబీ రంగు తప్ప ఇంకోటి ముట్టదు. టోపీలకు గుచ్చుకోండి, తడిస్తే ఎండలో ఆరుతుంది. ఎడమ పక్కన గుచ్చండి, గాలం దారం, అదే లైను, కుడి పక్కనుంచి వెళ్తుంది."

అందరూ గుచ్చుకున్నారు. గైడూ గుచ్చుకున్నాడు. పళ్ల డాక్టరు అద్దంలో చూసుకుని మరీ సర్దుకున్నాడు. బావగారు తన టోపీ చేత్తో పట్టుకుని, ఈ గుర్తు పెట్టిన ఆఫీసరు జన్మలో ఒక్కసారైనా చేపను చూశాడా అనుకున్నాడు.

ఇక ప్రతి మనిషీ అనుమానమే. ఆవిడ కెమెరా ఎప్పుడూ సముద్రం వైపు కాక మనుషుల వైపే తిరిగుంటుంది. పళ్ల డాక్టరు అంతసేపు నిద్రపోవడం నిజం నిద్రేనా? ఏ పడవ ఎటు వెళ్లాలో నిర్ణయించేది గైడు. శవాన్ని ఒడ్డుకు మోసుకొచ్చిందీ గైడే.

పడవ ఇసుక మేటల మీద మోకాలి లోతు నీళ్లలో సాగింది. బావగారు ముందు కొసన రాడ్ పట్టుకుని నిలబడ్డాడు. గైడు వెనక గెడ వేస్తున్నాడు.

"పడవ ముక్కు పన్నెండు గంటలు. కుడి చెయ్యి మూడు. సరేనా? చేప పది గంటల దగ్గరుంది. వెయ్యండి!"

"ఏదీ? ఎక్కడ?"

"పది గంటలండీ. అది రెండు గంటలు! అయ్యో, లైను మీ కాలికే చుట్టుకుంది."

"చేప నవ్వుకుంటోందా?"

"నవ్వడానికి ఆగలేదండీ, వెళ్లిపోయింది."

ఎండ దిగే వేళకు ఒక వెండి చేప పొరపాటున ఆయన ఫ్లైని నోట కరుచుకుంది. గైడు నీళ్లలోకి దిగాడు. చేతులు తడి చేసుకుని చేపను ఎత్తకుండానే గాలం తీశాడు. ఒక అరచెయ్యి దాని పొట్ట కిందుంచి, తలను నీటి వాలుకు ఎదురుగా తిప్పి అలాగే నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు.

ఉండబట్టలేక బావగారు అడిగేశాడు. "వదిలేసేదాన్ని పట్టడమెందుకండీ?"

గైడు కోప్పడలేదు. "నాకూ తెలియదు సార్. నాకిది కూడు పెట్టే పని. కానీ వదలడమంటే చేతిలోంచి జారవిడవడం కాదు. అలిసిపోయుంటుంది. మొప్పల్లోకి నీళ్లాడాలి. దానంతటది తోక విదిలించేదాకా పట్టుకోవాలి. లేకపోతే పక్కకు ఒరిగిపోతుంది. సొరచేప వాసన పట్టేస్తుంది."

చేప తోక విదిలించి మాయమైంది. గైడు ముఖం, జ్వరం తగ్గిన పిల్లాణ్ణి చూసిన తల్లి ముఖంలా ఉంది.

బుధవారం చేపల డాక్టరు పడవ వాళ్ల పక్కకొచ్చింది. బావగారు పట్టిన రెండో చేపను ఆయన పొడి చేతుల్తో అందుకున్నాడు. వీపులో ట్యాగు గుచ్చాడు, ఫోటో దిగాడు, నీళ్లలోకి విసిరేశాడు. అది వెల్లకిలా తిరిగి తెల్లటి పొట్ట చూపించింది. నీళ్ల కింద నల్లటి నీడ కదిలింది.

"దాని ఖర్మ," అని నవ్వి ఆయన ఇంజన్ స్టార్ట్ చేశాడు.

గైడు గెడను నీళ్లలో గట్టిగా పొడిచాడు. "ఆయన ట్యాగులన్నీ సొరచేపల కడుపుల్లోనే తిరుగుతున్నాయి సార్. చెప్తే నాకే పాఠం చెప్తాడు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఎర్ర కళ్లద్దాల ఆవిడ ఉప్పు అందిస్తూ మెల్లగా అంది. "గైడుతో ఒంటరిగా వెళ్లకండి."

మర్నాడు పొద్దున గైడు లైను చుడుతూ అన్నాడు. "ఆవిడ దగ్గర ఎక్కువ మాట్లాడకండి సార్. పోయినాయన ఆవిడతోనే తిరిగేవాడు."

బావగారు గురువారం పూజలో కూర్చుంటే మనసు నిలవలేదు. కళ్లు మూస్తే కొడుకు ముఖం, తెరిస్తే నలుగురి టోపీలు. ఎవరు స్వామీ? ఆవిడ గైడు మీద చెప్పింది. గైడు ఆవిడ మీద చెప్పాడు. పళ్ల డాక్టరు ఎవరి మీదా చెప్పలేదు, గురక పెట్టాడు.

కళ్ల ముందు వెల్లకిలా పడిన చేప మళ్లీ తిరిగింది.

ఛానల్ అంచున చేపల డాక్టరు లంగరేసిన పసుపు రంగు బోయలు, అంటే ప్లాస్టిక్ బుంగలు, డజను తేలుతుంటాయి. ట్యాగున్న చేప దగ్గరికొస్తే వాటి కింద కట్టిన యంత్రాలు ఆ ట్యాగు చప్పుడు వింటాయట. చేప ఎటు పోతుందో తెలుసుకోవాలనే మనిషికి ఆ చేప బతకాలి కదా! బతకనక్కర్లేదంటే, ఆ యంత్రాలు వినాల్సింది చేపను కాదు.

మరి గైడు? చేప ఊపిరి అందుకునేదాకా చెయ్యి తియ్యని మనిషి, సాటి మనిషి తలను నీళ్లలో అదిమి పట్టుకోగలడా? ఇది ఆఫీసులో చెప్పుకునే సాక్ష్యం కాదు. అయినా బావగారు దాన్నే నమ్మాడు.

* * *

శుక్రవారం ఆయన గైడును అడిగాడు. "పసుపు బోయల దగ్గరికి పోదామా?"

గైడు చేతిలో తాడు ఆగింది. "పోయినాయన కూడా ఇదే అడిగాడు."

"తీసుకెళ్లారా?"

"ఆ రోజు నేను జ్వరంతో పడుకున్నాను. చేపల డాక్టరు తీసుకెళ్లాడు. వెతకడానికెళ్లి తెచ్చింది మాత్రం నేను. పోలీసులకు చెప్పాను సార్. వాళ్లు టేకు చేపనే నమ్మారు."

పడవ నీళ్లలోకి తోస్తుండగా ఎర్ర కళ్లద్దాల ఆవిడ కెమెరా సంచీతో వచ్చి ఎక్కేసింది. "నేనూ వస్తాను," అంది. వద్దంటే అనుమానం, రమ్మంటే ప్రమాదం. బావగారు జరిగి చోటిచ్చాడు.

చేపల డాక్టరు చివరి బోయ పక్కన లంగరేసి ఉన్నాడు. ఒళ్లో నల్లటి పెట్టె, చెవులకు హెడ్‌ఫోన్లు. వీళ్లను చూసి చెయ్యి ఊపాడు.

"ఇక్కడ చేపల్లేవండీ! వెనక్కి పొండి!"

బావగారు నల్ల ఫ్లైని లైనుకు కట్టి రాడ్ ఎత్తాడు. ఆ ఎత్తిన తీరులో అవతలివాడికి ఏదో తెలిసిపోయింది. నవ్వు ఆగింది.

"ఆపు వాణ్ణి!" ఆవిడ వైపు అరిచాడు.

బావగారి వెనక జిప్పు లాగిన చప్పుడు. మెడ కింద చల్లటి ఇనుము తగిలింది.

"తిరగకండి," అంది ఆవిడ.

చేపల డాక్టరు ఒక్కసారిగా హెడ్‌ఫోన్ చెవికి అదుముకున్నాడు. ఏదో వినపడింది. వేలు పెట్టె మీది రికార్డు మీట వైపు వెళ్లింది.

కింద ఎక్కడో చీకట్లో తన కొడుకు వెళ్తున్నాడు. ఫ్లైని నీళ్లు ముందే తాకితే ఒక తప్పు. దూరంగా పడితే ఇంకో తప్పు. వెయ్యకపోతే అన్నిటికన్నా పెద్ద తప్పు. స్వామీ, ఈ ఒక్కసారికి చెయ్యి నీది అనుకుని బావగారు లైను గాల్లోకి విసిరాడు. పిస్తోలు పేలలేదు.

వెనకనుంచి గైడు గొంతు, రోజూ వచ్చినట్టే వచ్చింది. "పదకొండు గంటలు. నలభై అడుగులు. గాలి కుడి నుంచి. గాల్లోనే ఉంచండి... ఇంకో విసురు... ఇంకా లైను వదలండి..."

"కాల్చవే!" చేపల డాక్టరు గావుకేక పెట్టాడు.

"వెయ్యండి!"

లైను వంపు తిరిగి, సాగి, నల్ల ఫ్లై బోయ పక్కన చుక్క వాన పడ్డంత మెల్లగా పడింది. చేపల డాక్టరు మీట నొక్కాడు. మరుక్షణం హెడ్‌ఫోన్లు పీకి పారేసి, రెండు చెవులూ పట్టుకుని పడవలో కూలబడ్డాడు. పెట్టె మీద పచ్చగీతలు పిచ్చిపట్టినట్టు గెంతుతున్నాయి.

మెడ మీది ఇనుము తప్పుకుంది. ఇప్పుడది చేపల డాక్టరు వైపు చూస్తోంది.

"నువ్వు అతని తలను నీళ్లలో నొక్కిపెట్టినప్పుడు నేను ఒడ్డున నిలబడి ఉన్నాను. నాకు రోజూ టీ కలిపిచ్చేవాడు." ఆవిడ పిస్తోలును రెండు చేతుల్తో పట్టుకుంది. "కదలకు."

గైడు అవతలి పడవలోకి దూకి, వాడి చేతుల్ని వాడి లంగరు తాడుతోనే కట్టేశాడు.

"గైడుతో ఒంటరిగా వెళ్లొద్దని ఎందుకన్నారు?" అడిగాడు బావగారు.

"మీరెవరో నాకు తెలియదుగా! వీడు చెప్పమన్నదే చెప్పాను. నా గుర్తు చూపిద్దామంటే, అందరి టోపీలకూ అదే ఫ్లై!"

"ఇంతకీ మీరెవరి వైపు?"

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మీ వెనక నిలబడేదాకా నాకూ తెలియదు."

బావగారు నీళ్లలోకి చూశాడు. ఏమీ లేదు. కాసేపటికి చిన్న చేపల మందొకటి ఎవరికో దారిచ్చినట్టు రెండుగా చీలి, మళ్లీ కలిసింది. ఆయన చేతులు జోడించాడు. ఎవరికో గైడు అడగలేదు.

* * *

రెండు వారాల తర్వాత ఇంట్లో ఫోన్ మోగింది, కొడుకు చేశాడు. వాళ్లమ్మ మాట్లాడి, ఏడ్చి, నవ్వి, రిసీవరు భర్తకిచ్చింది.

"ట్రైనింగెలా జరిగింద్రా?"

"బానే జరిగింది నాన్నా. ఎక్కడికెళ్లామో అడక్కండి, చెప్పకూడదు. కానీ ఒకచోట ఎవడో వెధవ నీళ్లలో ఏం పెట్టాడో ఏమో, ఆ రొదకి మూడు రోజులు మా చెవులు హోరెత్తిపోయాయి. వాడు దొరికితేనా, సముద్రంలో ముంచేవాళ్లం!"

బావగారు భార్య వంక ఓసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"అలా తిట్టకూడదురా. ఆ వెధవకీ పెళ్లాం బిడ్డలుంటారు."