అవతలి పదీ, ఇవతలి పదీ

హాలు తాళంచెవి తెచ్చుకోవాలి. గోడకి బేనరు కట్టించాలి. కుర్చీలు తుడిపించాలి, కాళ్ళు ఊగేవాటిని వెనక వరసలోకి నెట్టెయ్యాలి. మైకు పలుకుతోందో లేదో నాన్న చేత చూపించాలి. జనరేటర్లో డీజిల్ ఉందో లేదో కనుక్కోవాలి. ఫ్లాస్కుల్లో టీ పోయించాలి. పిల్లలందర్నీ ఇస్త్రీ బట్టల్లో రమ్మని ఇంకోసారి చెప్పాలి. ముందుగదిలో సర్దిపెట్టి ఉన్న చెల్లెలి పెట్టె వంక చూడకూడదు. అన్నిటికంటే ముందు, అమ్మని హాలుకి రావద్దని చెప్పాలి.

ఇవన్నీ పెద్దమ్మాయి పళ్ళు తోముకుంటూనే మనసులో వల్లె వేసుకుంది. చివరి పని దగ్గరకొచ్చేసరికి నోట్లో పేస్టు చేదుగా తగిలింది.

ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. మునిసిపాలిటీలో ఉపాధి విభాగం ఉద్యోగి. ఉపాధి విభాగమంటే ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఫ్యాను, ఆమె. వాళ్ళది సరిహద్దు ఊరు. ఊరి చివర వంతెన, వంతెన దాటితే ఇంకో దేశం. ఒకప్పుడు వచ్చే పోయే ప్రతి లారీ ఇక్కడ ఆగి, ముద్ర వేయించుకుని, సరుకు దించుకుని పోయేది. కొత్త రోడ్డు పడ్డాక లారీలు ఊరి మొహం కూడా చూడటం లేదు. గోదాములు ఖాళీ. చదువుకున్న పిల్లలు సాయంత్రం బస్సెక్కి నగరానికి పోయి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళకి సమాధానాలు చెబుతున్నారు.

ఆ ఫోన్లేవో ఇక్కడ కూర్చునే ఎత్తకూడదా అన్నది ఆమె పట్టుదల. కంపెనీల చుట్టూ ఉత్తరాలతో తిరిగింది. మూతపడ్డ లారీ యూనియన్ హాలుని మునిసిపాలిటీ చేత బాగు చేయించింది. ఊరి పిల్లల్ని పోగేసి సాయంత్రాలు మాట్లాడటం నేర్పింది. చివరికి ఒక కంపెనీ వాళ్ళు, "వచ్చి చూస్తాం" అన్నారు. ఆ రోజే రావడం. ఆ రోజు సాయంత్రం బస్సుకే చెల్లెలి ప్రయాణం. నగరంలో అదే రకం ఉద్యోగం దొరికింది చిన్నదానికి. కంపెనీ వాళ్ళు సరే అంటే చిన్నది ఆ బస్సు ఎక్కక్కర్లేదు. చిన్నదే కాదు, ఈ వీధిలో చాలామంది ఎక్కక్కర్లేదు.

వంటింట్లో అమ్మ టీ వడపోస్తోంది. ఆమె తల మీద గోడ గడియారం ముందుగదిలో గడియారం కంటే సరిగ్గా గంట ముందు నడుస్తోంది. అవతలి దేశపు టైము అది. అమ్మ పుట్టిల్లు వంతెన అవతల. పెళ్ళై వచ్చినా, రెండు భాషలూ ఆమె నాలుక మీద ఒకే చాప మీద కూర్చున్నట్టు కూర్చుంటాయి. అవతలి వియ్యపురాలు అలిగినా, అక్కడి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ కావాలన్నా, తప్పిపోయిన సంచి ఎవరికి దొరికిందో కనుక్కోవాలన్నా ఊరంతా ఈ గుమ్మం ముందుకే వస్తారు. "పిన్నీ, ఒక్క ఫోన్ చేసిపెట్టవూ!" అంటారు. వంతెన పిన్ని అని ఆమెకి పేరు.

"రాత్రి దిగారా వాళ్ళు?" అంది అమ్మ గ్లాసు అందిస్తూ.

"దిగారు. అవతలి హోటల్లో. మన ఊళ్ళో హోటలంటూ ఏడిస్తేగా."

"ఎన్నింటికొస్తారే?"

"పదింటికి."

"పదంటే ఏ పది?"

పెద్దమ్మాయికి చర్రున వచ్చింది. ఈ ఊరి అలవాటు అది. ఆఫీసు పనులన్నీ ఇవతలి గంట ప్రకారం జరుగుతాయి. చుట్టాలూ, విందులూ, రాకపోకలూ అవతలి గంట ప్రకారం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ గంటల గోలలోనే పెరిగింది. కాలేజీలో చేరిన మొదటిరోజు తను నోరు విప్పగానే, "ఏ వంతెన కింద నుంచి వచ్చావమ్మా?" అని క్లాసంతా నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. ఆ తరవాత ఆమె అవతలి భాష మాట్లాడలేదు. అమ్మతో కూడా.

"పదంటే పదే అమ్మా! లోకంలో అందరికీ ఒకటే పది ఉంటుంది. ఈ పిచ్చి ఇవాళ వాళ్ళ ముందు బయట పెట్టకండి, మీకు దణ్ణం పెడతాను." ఊపిరి తీసుకుంది. ఎలాగూ చెప్పాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి. "ఇంకోటి. నువ్వు హాలుకి రావద్దు."

అమ్మ చెయ్యి గరిట మీదే ఆగిపోయింది. "ఇస్త్రీ చీర తీసి పెట్టుకున్నానే."

"అది కాదమ్మా. నువ్వొస్తే నలుగురూ చుట్టూ చేరతారు, సగం ఆ భాషా సగం ఈ భాషా కలిపి లొడలొడా మాట్లాడతారు. పిల్లలకి ఆ యాస పోగొట్టడానికి నేను ఎన్ని నెలలు గొంతు చించుకున్నానో నీకు తెలుసు. వాళ్ళు వచ్చేది మాట వినడానికి."

"అక్కా!" పెట్టె పక్కన కూర్చున్న చిన్నది లేచి నుంచుంది. "నువ్వేం మాట్లాడుతున్నావో తెలుస్తోందా?"

"నీ కోసమే కదే ఇదంతా!"

"నా కోసమైతే అమ్మని వదిలెయ్. నేను బస్సెక్కుతాను, పీడా పోతుంది."

మూల మంచం మీంచి నానమ్మ గొంతు సవరించుకుంది. కోడలి యాసని కాపురానికొచ్చిన రోజు నుంచీ వెక్కిరించిన మనిషి ఆవిడ. "దాని మాటని నేనంటే అన్నాను. అత్తగార్ని, నాకు ఆ మాత్రం హక్కుంది. కడుపున పుట్టినదానివి, నువ్వెవరివే అనడానికి?"

అమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

"సర్లే, దానికి మాత్రం కంగారు లేదా ఏంటి! వెళ్ళి రా తల్లీ. నేను బట్టలు నానబెట్టుకుంటాను."

అమ్మ కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేది. పెద్దమ్మాయి టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయింది.

హాల్లో నాన్న అప్పటికే మైకు విప్పి బల్ల మీద పరిచాడు. జీవితమంతా లారీలకి వైరింగ్ చేసిన మనిషి, తీగ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పిల్లలు కొందరు వచ్చి కుర్చీలు తుడుస్తున్నారు. ఇంకా గంట టైముంది కదా అని పెద్దమ్మాయి తనే నిచ్చెనెక్కి బేనరు కడుతుంటే, బయట కారు ఆగిన చప్పుడైంది.

కారులోంచి బూడిద రంగు కోటు మేడం దిగింది. వెనకే కళ్ళజోడు కుర్రాయన, చేతిలో లాప్‌టాప్.

"సారీ, ఒక్క నిమిషం ఆలస్యమైంది," అంది మేడం ఫోన్ చూసుకుంటూ. "పది దాటింది కదూ?"

పెద్దమ్మాయి నిచ్చెన మీంచి గోడ గడియారం వంక చూసింది. తొమ్మిది. మేడం చేతిలో ఫోన్ వంక చూసింది. పది. అవతలి హోటల్లో నిద్రలేచిన ఫోన్ అవతలి టైమే చూపిస్తుంది. తను పంపిన ఆహ్వానంలో "పది గంటలకు" అని ఉంది. ఏ పదో రాయలేదు. అమ్మ అడిగింది కూడా.

బేనరు తాడు వదిలేసింది. దిగి నిజం చెప్పేసింది.

మేడం హాలంతా ఒకసారి చూసింది. "పిల్లలు సగం మందే ఉన్నారేం?"

"అతిథులు కదా అని మేం అవతలి పదికి వచ్చామండీ," అన్నాడొకడు. "ఆఫీసు పని కదా అని మిగతావాళ్ళు ఇవతలి పదికి వస్తారు."

కళ్ళజోడు కుర్రాయన నవ్వు ఆపుకున్నాడు. మేడం నవ్వలేదు. "మేం ఇంకో ఊరు కూడా చూడాలి. అక్కడికి టైముకి చేరాలి. గంటసేపు ఆగలేమమ్మా."

"పిలిపిస్తాను మేడం, ఇప్పుడే!" పెద్దమ్మాయి ఫోన్ తీసింది. పిల్లలకి నేర్పిన గొంతే తెచ్చుకుంది, నున్నగా, ఏ ఊరిదీ కాని గొంతు. "నమస్కారమండీ, ఉపాధి విభాగం నుంచి మాట్లాడుతున్నాము. మీ అమ్మాయితో..."

"మాకే లోనూ వద్దమ్మా!" టక్కున కట్ అయింది.

ఇంకో నంబరు. "నమస్కారమండీ, మీ అబ్బాయి..."

"క్రెడిట్ కార్డు ఉంది తల్లీ, ఉన్నదే చాలు." టక్.

మేడం లాప్‌టాప్ వంక చూడటం మానేసి ఆమె ఫోన్ వంకే చూస్తోంది. పెద్దమ్మాయి మూలకి తిరిగి, రావద్దని చెప్పిన మనిషికే ఫోన్ చేసింది.

"అమ్మా... వాళ్ళు అవతలి పదికే వచ్చేశారే."

"అయ్యో తల్లీ! నాన్నని బండి తీసుకు రమ్మను."

అంతే. పొద్దున్న మాట ఎత్తలేదు, నేను అడగలేదా అనలేదు. నాన్న బండి తియ్యడం, తిరిగి రావడం రెప్పపాటులో జరిగినట్టనిపించింది. ఇస్త్రీ చీర కట్టుకునే తీరిక లేదు అమ్మకి. ఎగదోపిన చీర, సబ్బు నురగ ఆరని మోచేతులు. మేడంకి తడిచేతులతోనే దణ్ణం పెట్టి, ఫోన్ అందుకుని మొదలుపెట్టింది.

"ఏవండీ అన్నయ్యగారూ, మీ అమ్మాయిని మంచం మీంచి దింపుతారా, నన్నే చెంబుడు నీళ్ళతో రమ్మంటారా? ఆఁ, మేడం గారు వచ్చేశారు! జడ దార్లో వేసుకోవచ్చు, ముందు పంపండి!"

తరవాతి ఫోన్ అవతలికి. మేనమామ ఇంట్లో పడుకున్న కుర్రాడి కోసం. భాష మారింది, మాట సాగింది, తిట్టు ఇంకాస్త తియ్యనైంది. ఆ తరవాతిది ఒక ముసలావిడకి. మనవణ్ణి పంపనని ఆవిడ మొండికేసింది. అమ్మ అసలు విషయమే ఎత్తకుండా ముందు మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగింది. ఆవిడ బాధంతా చెప్పుకున్నాక, "మరి మనవడు ఇక్కడే ఉద్యోగం చేస్తే నిన్ను డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారనుకున్నావ్, వాడు కాదూ?" అంది. చివరికి ఆవిడే వాణ్ణి నిద్ర లేపుతున్న కేకలు ఫోన్లోంచి హాలంతా వినిపించాయి.

"చూస్తారేంట్రా, తలో నంబరు పట్టండి!" అంది అమ్మ.

పిల్లలు పట్టారు. నేర్పిన గొంతు ఒక్కరికీ గుర్తు లేదు. బతిమాలేవాళ్ళు, బెదిరించేవాళ్ళు, ఒక మాట ఇటు, ఒక మాట అటు, మధ్యలో నవ్వులు. అప్పుడే వచ్చిన చిన్నది ఒక చెవికి ఇవతలి ఫోను, ఇంకో చెవికి అవతలి ఫోను పెట్టుకుని గొడవపడిన స్నేహితురాళ్ళిద్దర్నీ ఒకే ఆటో ఎక్కించింది. హాలు తేనెపట్టులా మోగింది. చూస్తూ ఉండగానే గుమ్మంలోంచి తడి తలలతో, సగం బొత్తాలు పెట్టుకుంటూ మిగతావాళ్ళు రావడం మొదలైంది.

మేడం ఊగే కాళ్ళ కుర్చీలోనే కూర్చుని అంతా వింది. "మీరు పిల్లల శిక్షణ చూపిస్తామన్నారు. ఇదేనా?"

పెద్దమ్మాయి పిల్లల వంక చూసింది. అబద్ధం చెప్పచ్చు. "కాదు మేడం. నేను నేర్పింది ఇందాక మీరు చూశారు, రెండుసార్లు కట్ అయింది. ఇది... ఇది మా ఊరు."

మేడం కుర్చీలో ముందుకి వంగింది. "మా దగ్గర చక్కగా మాట్లాడేవాళ్ళకి కొదవ లేదమ్మా. జనమే వినకుండా కట్ చేస్తారు. వంతెనకి రెండువైపులా మా ఖాతాదారులున్నారు, రెండువైపులా తిట్లే." అమ్మ వైపు చూసింది. "ఆవిడ ఫోన్ ఒక్కరూ కట్ చెయ్యలేదు. ఈ పిల్లలవీ చెయ్యలేదు." కుర్రాయన వైపు తిరిగింది. "ఆ రెండో ఊరికి రేపు వస్తామని చెప్పు. ఇక్కడ మేడ మీద గదులు చూడాలి. కరెంటు సంగతేంటి, పోతుందా?"

"పోతుంది మేడం," అన్నాడు నాన్న నిటారుగా నుంచుని. "పోయిన సంగతి మీకు తెలీనివ్వను."

అప్పుడు నవ్వింది మేడం. ఆ నవ్వు చూసి పిల్లలు పెట్టిన కేకకి కట్టీ కట్టని బేనరు ఊడి కింద పడింది. ఎవరూ పట్టించుకోలేదు.

మేడ మీద అడుగుల చప్పుడు వినిపిస్తుంటే, పెద్దమ్మాయి వెనక మెట్ల మీద కూర్చున్న అమ్మ దగ్గరికి వెళ్ళింది. అమ్మ మోచేతి నురగ కొంగుతో తుడుచుకుంటోంది.

"పదంటే ఏ పదని అడిగావు కదమ్మా. నేనే..."

"నువ్వు అంత గట్టిగా పదంటే పదే అన్నావు. నేనూ నమ్మేశాను. లేకపోతే ఇస్త్రీ చీరైనా కట్టుకునేదాన్ని," అని నవ్వింది అమ్మ. "మేడం ముందు ఇలాగా రావడం!"

పెద్దమ్మాయి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, చిన్నప్పుడు అవతలి అమ్మమ్మ ఇంట్లో పిలిచే మాటతో పిలిచింది. కాలేజీ మొదటిరోజు తరవాత ఆ మాట ఆమె నోటివెంట రావడం అదే మొదలు. కాస్త తుప్పు పట్టినట్టుగానే వచ్చింది. అమ్మ కూతురి నెత్తి మీద సబ్బు వాసన వేసే చెయ్యి వేసి, అదే భాషలో, "ఊఁ," అంది.

సాయంత్రం బస్సు హారన్ కొట్టుకుంటూ ఊరు దాటింది. ముందుగదిలో చిన్నది పెట్టె విప్పి బట్టలు మళ్ళీ బీరువాలో పెడుతుంటే, "ఒక్క రోజులో ఎన్ని మడతలే!" అని నానమ్మ సణిగింది, సణుగుతూనే తనూ ఒక చివర పట్టుకుంది.

ఇప్పుడు ఆ హాల్లో రెండు గడియారాలు పక్కపక్కనే ఉన్నాయి. పెద్దమ్మాయే గోడకి కొట్టించింది. కంపెనీ వాళ్ళు అమ్మకి కూడా ఉద్యోగం ఇస్తామన్నారు. "జీతం పుచ్చుకుంటే నాకు తిట్టడం రాదండీ," అని ఆవిడ ఒప్పుకోలేదు. కొత్త పిల్లలు చేరినప్పుడు మాత్రం వచ్చి కూర్చుంటుంది. అవతలి మనిషి కోపం ముందు పూర్తిగా వినమంటుంది. తరవాత ఒంట్లో ఎలా ఉందో అడగమంటుంది. అంతే ఆవిడ పాఠం.

మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఏదో కంపెనీకి కోపంగా ఫోన్ చేస్తారు. అటునుంచి ఒక గొంతు మీ మాట అడ్డు తగలకుండా విని, మీ యాసకి నవ్వకుండా, ఇంట్లో మనిషిలా బదులిస్తే, కట్ చేసే ముందు ఒక్క క్షణం ఆగండి. సబ్బు నురగ ఆరని చేతులతో వచ్చిన వంతెన పిన్నిని ఒక్కసారి తలుచుకోండి.